‘నిజంగా జరిగిన కథ’ అని కార్డు వేస్తేనే భయమేస్తుందా? హారర్‌కి రియలిజం ఎంత అవసరం?

సెకండ్‌షో:

మొన్న రాత్రి ఓటీటీలో ఒక హారర్ సినిమా పెట్టుకున్నాను. పేరెందుకులెండి, తీసినవాళ్లు ఎంతో కొంత కష్టపడే ఉంటారు. మొదలవగానే ఒక కార్డు పడింది, ఈ చిత్రంలోని పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితం అని. అది పోగానే నల్ల తెర మీద ఎర్రక్షరాలతో ఇంకో కార్డు, యథార్థ సంఘటనల ఆధారంగా అని. రెండింటిలో ఏది నమ్మాలో వాళ్లే తేల్చుకోలేదు, ఇక నేనేం నమ్మను? ఆ తర్వాత రెండు గంటల పాటు కెమెరా ఊగుతూనే ఉంది, పది నిమిషాలకోసారి ఢమాల్‌మని చప్పుడు. ఉలిక్కిపడ్డాను, కాదనను. భయం మాత్రం వేయలేదు.

నా వాదన ఇదీ. హారర్‌కి రియలిజం ఉండి తీరాలి. కాకపోతే అది కథ నిజంగా జరిగిందా లేదా అన్నదాంట్లో లేదు, కెమెరా ఊపడంలో అసలే లేదు. దెయ్యం రాకముందు ఆ ఇల్లు ఇల్లులా ఉందా, అందులో ఉన్నవాళ్లు మనకు తెలిసిన మనుషుల్లా మాట్లాడుతున్నారా, అదీ లెక్క. 2003లో వర్మ ‘భూత్’ తీశాడు. పాడుబడ్డ బంగ్లా లేదు, పాటలు లేవు. ముంబైలో ఒక అపార్ట్‌మెంట్, లిఫ్టు, వాచ్‌మన్, కొత్తగా ఫ్లాట్‌లో దిగిన మొగుడూ పెళ్లాం. అంతే. 2022లో వచ్చిన ‘మసూద’ మొదటి సగంలో చాలాసేపు దెయ్యం ఊసే ఎత్తదు. ఒంటరిగా కూతుర్ని పెంచుకుంటున్న ఒక టీచరు, పక్క ఫ్లాట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, వాడేమో పిరికివాడు. కూతురు మారిపోతుంటే ఆమెకు సాయం అడగడానికి ఆ పిరికివాడు తప్ప ఇంకెవరూ లేరు. ఆ పరిస్థితే సగం భయపెట్టేస్తుంది.

ఇది లేకుండా ఎన్ని యథార్థ కార్డులు వేసినా దండగ అంటాను. మీరేమంటారు?

కర్నూలు కుర్రోడు:

అన్నా, మీ లెక్కన ‘అరుంధతి’ ఎవర్నీ భయపెట్టకూడదు. గద్వాల సంస్థానం, పునర్జన్మ, అఘోరాలు, గ్రాఫిక్స్. నిజంగా ఇల్లులా ఉన్న ఇల్లు అందులో ఒక్కటి చూపించండి. 2009 జనవరిలో అది ఆడుతున్నన్ని రోజులూ మా వీధిలో పిల్లలు చీకటి పడ్డాక బాత్రూమ్‌కి ఒంటరిగా పోలేదు. తలుపు బయట అమ్మ నిలబడి మాట్లాడుతూ ఉండాలి.

ఇంకోటి వినండి. అందులో కోటగా చూపించింది మా బనగానపల్లె దగ్గర నవాబుల బంగ్లా, యాగంటి పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడు జనం నోట్లో దాని పేరు అరుంధతి కోట. యాగంటి దర్శనానికి వచ్చినోళ్లు అక్కడ కారు ఆపి, ఫోటోలు దిగి, సినిమాలో విలన్ పశుపతి సమాధి ఎక్కడుందని అడుగుతారు. నవాబులు కట్టించిన కట్టడం పేరుని ఒక కట్టుకథ మింగేసింది. రియలిజం లేకుండానే ఇదంతా జరిగింది మరి.

పాప్‌కార్న్:

బాత్రూమ్‌కి ఒంటరిగా పోనిది పిల్లలేనా? ఇక్కడందరం మనవాళ్లమే, చెప్పేయండి.

రూమ్‌టోన్:

నేను సినిమా సౌండ్‌లో పనిచేస్తాను, హైదరాబాద్‌లో. మీరిద్దరూ కంటికి కనిపించే వాటి గురించే వాదించుకుంటున్నారు కాబట్టి మధ్యలో వస్తున్నా.

మన సినిమాల్లో డైలాగులు ఎక్కువ భాగం తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పినవే. లొకేషన్‌లో రికార్డయింది దారి చూపడానికి వాడుకుని పక్కన పడేస్తాం. దాంతోపాటే ఆ గది చప్పుడు కూడా పోతుంది. ఎవరూ మాట్లాడకపోయినా ప్రతి గదికీ ఒక చప్పుడు ఉంటుంది. ఫ్రిజ్ గుయ్‌మంటుంది, ఫ్యాన్ టకటకమంటుంది, పక్కింట్లో సీరియల్ నడుస్తుంటుంది, కింద ఎవడో బండి స్టార్ట్ చేస్తుంటాడు. దాన్నే రూమ్ టోన్ అంటాం. షాట్ అయ్యాక అందర్నీ కాసేపు కదలకుండా నిలబెట్టి దాన్ని విడిగా రికార్డు చేయాలి. మన దగ్గర ఆ కాసేపే దొరకదు. లైటింగ్ మార్చాలి, పదండి పదండి అంటారు. చివరికి మిక్సింగ్‌లో లైబ్రరీ నుంచి కీచురాళ్ల చప్పుడు తెచ్చి అతికిస్తాం. నాలుగో అంతస్తు ఫ్లాటు, కిటికీలు బిగించి ఏసీ వేసిన గది, అందులో కీచురాళ్లు! చూసేవాడు ఇది తప్పని పట్టుకోలేడు. కానీ ఆ గదిలోకి వెళ్లలేడు కూడా, బయట నిలబడే చూస్తాడు.

ఉన్న చప్పుడు ఆగినప్పుడు భయం పుడుతుంది. రాత్రిపూట కరెంటు పోవడం గుర్తు చేసుకోండి. ఫ్యాన్ టక్కున ఆగదు. రెక్కలు తిరిగి తిరిగి నెమ్మదిస్తాయి, గాలి చప్పుడు సన్నబడుతూ పోతుంది, ఫ్రిజ్ ఒకసారి దడదడలాడి ఊరుకుంటుంది. అప్పటిదాకా అవి మోగుతున్నాయన్న సంగతే మీకు తెలీదు. ఇన్వర్టర్ బీప్‌మనే లోపు, ఆ ఒకట్రెండు సెకన్లలో, వంటింట్లో గిన్నె కదిలితే చాలు. వయొలిన్లు అక్కర్లేదు. అయితే అంతకుముందు పావుగంట ఆ ఫ్యాన్ చప్పుడు వినిపించి ఉండాలి కదా? ఆ పావుగంట దగ్గరే డైరెక్టరు గారు ‘ఏంటా నాయిస్, తీసెయ్’ అంటారు.

‘పారానార్మల్ యాక్టివిటీ’నే తీసుకోండి. ఓరెన్ పెలి శాన్ డియాగోలో తన సొంతింట్లోనే వారం రోజుల్లో తీశాడు, సుమారు 15 వేల డాలర్ల ఖర్చుతో. 2009లో హాళ్లలోకి వచ్చి 19 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది. రాత్రి పడకగది సీన్లలో సంగీతం ఉండదు. కెమెరా స్టాండ్ మీద ఉంటుంది, కదలదు. కింద మూలన టైమ్ అంకెలు గబగబా పరిగెడుతుంటాయి, ఒకచోట మామూలు వేగానికి వస్తాయి, ఆ వెంటనే అడుగున ఒక మందపాటి గుర్రుమనే శబ్దం మొదలవుతుంది. రెండు మూడు రాత్రులు గడిచేసరికి ప్రేక్షకుడికి పాఠం వచ్చేస్తుంది, అంకెలు నెమ్మదించాయంటే ఏదో కాబోతోందని. ఆపైన తలుపు ఒక జానెడు కదిలితే హాలంతా బిగుసుకుపోతుంది.

సెకండ్‌షో:

రూమ్‌టోన్ గారూ, ఇది నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయినదే. థాంక్స్.

కుర్రోడు తమ్ముడూ, పశుపతి మనల్ని ఎప్పుడు భయపెట్టాడు? దెయ్యం అయ్యాకా? కాదు. బతికుండగానే. కళ్లులేని నాట్యం టీచరు మీద వాడు పడే సీన్‌లో గ్రాఫిక్స్ ఏముంది? అధికారం ఉన్న దుర్మార్గుడు ఇంట్లోకి వస్తే ఆడవాళ్లకు దిక్కు ఉండకపోవడం మనకు తెలిసిన భయమే. సమాధి, అఘోరా అన్నీ దాని మీద కట్టిన మేడలు. పునాది మాత్రం రియలిజమే.

కర్నూలు కుర్రోడు:

ఇదేం న్యాయం అన్నా? పనిచేసిన ప్రతిదాన్నీ రియలిజం ఖాతాలో, పనిచేయనిదాన్ని కెమెరా ఊపుడు ఖాతాలో వేసుకుంటూ పోతే మీరెప్పుడూ ఓడరు.

రూమ్‌టోన్ అన్నకి కూడా ఒక మాట. ‘అరుంధతి’లో సగం భయం పశుపతి గొంతుది. అది ఆ వేషం వేసిన సోనూ సూద్‌ది కాదు, పి. రవిశంకర్‌ది. నూటికి నూరుపాళ్లు స్టూడియోలో చెప్పిన డబ్బింగ్. ఫ్యానూ లేదు ఫ్రిజ్జూ లేదు. ఇవాళ్టికీ ‘బొమ్మాళీ’ అని మిమిక్రీ చేయనోడు లేడు.

రూమ్‌టోన్:

మిమిక్రీ చేసి నవ్వుకుంటున్నాం, అదే నేననేది. పెలి తలుపుని ఎవరూ మిమిక్రీ చేయరు.

పాప్‌కార్న్:

కిర్ర్ర్ర్ర్ర్.

డల్లాస్ నుంచి:

యథార్థ కార్డు దండగ అని సెకండ్‌షో గారు కొట్టిపారేశారు. అది పనిచేసిన సినిమా ఒకటి ఉంది, 1999లో వచ్చిన ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’. మంత్రగత్తె మీద డాక్యుమెంటరీ తీయడానికి అడవికెళ్లి మాయమైన ముగ్గురి టేపు దొరికిందన్న కథ. ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నప్పుడు హాల్లో చూశాను. మా రూమ్‌లో ఉన్న నలుగురిలో ఇద్దరు అది నిజంగా అడవిలో దొరికిన టేపేనని ఇంటికొచ్చాక కూడా వాదించారు. అందరూ ఇంజనీర్లే, గమనించండి.

ఎలా నమ్మించారంటే, అది ఒక్క కార్డు కాదు, నెలల తరబడి కట్టుకుంటూ వచ్చిన అబద్ధం. సినిమా రాకముందే వెబ్‌సైట్ పెట్టారు, అందులో పోలీసు రిపోర్టులు, మంత్రగత్తె కథకి శతాబ్దాల నాటి తేదీలు. సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో ‘కనబడుట లేదు’ పోస్టర్లు పంచారు. ఒక టీవీ ఛానల్లో ఉత్తుత్తి డాక్యుమెంటరీ వేశారు. ముగ్గురు నటుల సొంత పేర్లే పాత్రల పేర్లు. వాళ్లని ప్రచారానికి తీసుకురాకుండా దాచిపెట్టారు. ఇంటర్నెట్‌లో రాసి ఉంటే నిజమే అయ్యుంటుందని జనం అనుకునే రోజులవి.

తీసిన పద్ధతి ఇంకా విచిత్రం. మేరీల్యాండ్ అడవిలో ఎనిమిది రోజులు. కెమెరాలు నటుల చేతుల్లోనే, ఒకటి మామూలు వీడియో కెమెరా, ఒకటి 16 ఎంఎం ఫిల్మ్ కెమెరా. ఎటు నడవాలో జీపీఎస్ చెబుతుంది. ఆ చోటికి చేరాక ప్లాస్టిక్ ఫిల్మ్ డబ్బాల్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చీటీలు ఉంటాయి, ఇవాళ నువ్వు ఫలానా విషయం మీద పట్టుపట్టు అని. ఒకరి చీటీలో ఏముందో ఇంకొకరికి తెలీదు. రోజురోజుకీ తిండి తగ్గించారు. అర్ధరాత్రి యూనిట్ వాళ్లే వచ్చి గుడారం ఊపేవారు. తెర మీద వాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటుంటే సగం నటన, సగం నిజంగానే ఆకలి, నిద్రలేమి. మంత్రగత్తెని ఒక్కసారి కూడా చూపించలేదు. కెమెరా ఊపుడుకి కడుపులో తిప్పి లేచి పోయినవాళ్లు మా హాల్లోనే ఉన్నారు, అది వేరే సంగతి.

దాదాపు 25 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇందులో నాకు నచ్చనిది చెప్తాను. కథానాయిక తల్లికి సంతాపం కార్డులు వచ్చాయట, బతికున్న కూతురికి. ఆ ముగ్గురు నటులు 2024లో బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది, మాకు రావాల్సిన డబ్బు ఇప్పటికైనా ఇవ్వండని. వాళ్ల పేర్లు, వాళ్ల ముఖాలు, వాళ్ల ఆకలి. వీటితో వచ్చిన డబ్బు మాత్రం ఇంకొకరిది. రియలిజం కావాలి కావాలి అనేముందు అది ఎవరి ఒంటి మీద నుంచి వస్తోందో కూడా అడగాలి కదండీ.

పాత వీడియో షాపు:

తొంభైల్లో బెజవాడలో మాకు వీడియో పార్లర్ ఉండేది. డల్లాస్ బాబు చెప్పిన పద్ధతికి తాతలు ఉన్నారు. ఇటలీలో రుగ్గెరో దెయోదాతో అనే ఆయన 1980లో ‘కానిబల్ హోలోకాస్ట్’ తీశాడు. అడవిలో తప్పిపోయిన సినిమా వాళ్ల రీళ్లు దొరికాయన్న ఎత్తుగడే. నటులు ఏడాది పాటు ఎక్కడా కనపడకూడదని ఒప్పందం రాయించుకున్నాడు. నిజంగానే చంపేశాడని కేసు పెడితే, ఆ నటుల్ని బతికున్నారని తెచ్చి చూపించుకోవాల్సి వచ్చింది. మనుషులు బతికే ఉన్నారు, పాపం జంతువుల్ని మాత్రం కెమెరా ముందు నిజంగానే చంపాడు. ఆ క్యాసెట్ నేను షాపులో పెట్టలేదు. అడిగినవాళ్లు లేక కాదు.

1992 అక్టోబర్ 31 రాత్రి బీబీసీ వాళ్లు ‘ఘోస్ట్‌వాచ్’ అని ఒకటి వేశారు. ముందే తీసి పెట్టుకున్న నాటకం. చూపించింది మాత్రం లైవ్ ప్రోగ్రాంలాగా, రోజూ టీవీలో కనిపించే మైకేల్ పార్కిన్సన్‌నే యాంకర్‌గా కూర్చోబెట్టి. జనం బెంబేలెత్తి ఫోన్లు చేశారు. బీబీసీ మళ్లీ దాన్ని ఎప్పుడూ ప్రసారం చేయలేదు. దెయ్యం ఏం చేసిందన్నది కాదు, టీవీలో జనానికి బాగా తెలిసిన పెద్దమనిషి నోట వచ్చింది కాబట్టి నమ్మారు.

‘ద టెక్సాస్ చైన్ సా మాసకర్’ కూడా నిజంగా జరిగినట్టే మొదలవుతుంది, 1974ది. నిజం ఏమిటంటే 1957లో విస్కాన్సిన్‌లో పట్టుబడ్డ ఎడ్ గీన్ అనే హంతకుడి ఇంట్లో దొరికిన వాటి నుంచి కొంత తీసుకుని మిగతాదంతా అల్లారు. గీన్ కేసులో టెక్సాసూ లేదు, రంపమూ లేదు. అయినా నమ్మకుండా ఉండలేం, ఎందుకంటే ఆ ఎండ నిజం, ఆ చెమట నిజం. రక్తం చాలా తక్కువ చూపిస్తాడు, బయటికొచ్చినవాళ్లు మాత్రం రక్తం ఏరులై పారిందని చెబుతారు.

మా షాపు అనుభవం ఒకటి. దెయ్యాల సినిమాలకి మా దగ్గరుండేవి కాపీకి కాపీ తీసిన క్యాసెట్లు. బొమ్మ గీతలు గీతలుగా వచ్చేది, చీకటి సీన్లో ముఖం కూడా ఆనేది కాదు. మంచి ప్రింట్ వచ్చింది తీసుకోండి బాబూ అంటే, వద్దు ఆ పాతదే ఇవ్వండి, దాంట్లో ఎక్కువ భయమేస్తుంది అనేవాళ్లు. ఇప్పుడు దెయ్యం చెంప మీద మేకప్ పౌడరు కూడా కనిపించే ప్రింట్లు వస్తున్నాయి. ఇంకేం భయపడతారు?

నైట్‌డ్యూటీ:

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. హారర్ సినిమాలు డ్యూటీ లేని రాత్రుల్లోనే చూస్తాను, ముందే చెప్తున్నా.

మన సినిమాల్లో ఆసుపత్రి సీన్ రాగానే నాకు కథ మీద నమ్మకం పోతుంది. మానిటర్ మీద గీత సాపుగా అయిపోతుంది, డాక్టరు పరుగెత్తుకొచ్చి షాక్ ఇస్తాడు, పేషెంటు ఎగిరిపడతాడు. సాపు గీతకి షాక్ ఇవ్వరండీ. ఛాతీ నొక్కుతూ ఉంటాం, అడ్రినలిన్ ఇస్తాం. షాక్ ఇచ్చేది గుండె లయ తప్పి కొట్టుకునే కొన్ని పరిస్థితుల్లోనే. గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉన్న మనిషి ‘బాబూ, ఆ ఇంటికి వెళ్లొద్దు’ అని చెప్పి ప్రాణం వదలడం కూడా చూశాను. గొట్టం ఉండగా గొంతు ఎలా వస్తుందో ఆ దర్శకుడికే తెలియాలి.

‘ద ఎక్సార్సిస్ట్’ 1973ది. అందరూ తల తిరిగే సీన్ గురించే చెబుతారు. నేను చేతులు బిగించుకుని చూసింది ఆసుపత్రి సీన్. ఆ పాప మెడ దగ్గర సూది గుచ్చి, రంగు మందు ఎక్కించి, మెదడు రక్తనాళాల ఎక్స్‌రేలు తీస్తారు. సూది పెట్టగానే రక్తం చిమ్ముతుంది, మిషన్ దడదడా మోగుతుంటుంది. టెక్నీషియన్లు మాత్రం రోజూ చేసే పనిలాగా చేసుకుపోతుంటారు, ఎవరూ మన కోసం వివరించరు. అసలు ఆసుపత్రి సిబ్బందినే అందులో పెట్టారు. దర్శకుడు ఫ్రీడ్కిన్ డాక్యుమెంటరీల నుంచి వచ్చినవాడు, అందుకే ఆ చూపు. పరీక్షలన్నీ అయ్యాక ఏమీ దొరకలేదని డాక్టర్లే చేతులెత్తేసి, భూతవైద్యం ప్రయత్నించి చూడమంటారు. అంత పద్ధతిగా అన్ని తలుపులూ మూసేశాక దెయ్యం ఉందంటే నమ్మక చస్తామా?

డల్లాస్ గారు అడిగింది ఇక్కడా వర్తిస్తుంది. ఊపిరి ఆవిరిలా కనపడాలని ఆ పడకగది సెట్టుని గడ్డకట్టేంత చల్లగా చేశారు. తల్లి వేషం వేసిన ఎలెన్ బర్స్టిన్‌ని తాడుతో వెనక్కి లాగితే వెన్ను దెబ్బతింది. సినిమాలో వినపడే ఆ అరుపు నిజం అరుపే. ఒక నర్సుగా దాన్ని కళ అనబుద్ధి కాదు నాకు.

ఇంకో మాట. రిపోర్టులన్నీ నార్మల్ అని చెప్పిన మర్నాడే అటెండెంట్లు తాయెత్తు తెచ్చి పేషెంటు దిండు కింద పెట్టడం చాలాసార్లు చూశాను. చదువుకున్నవాళ్లు, చదువులేనివాళ్లు అని తేడా ఏమీ లేదు.

మెదక్ మాస్టారు:

నైట్‌డ్యూటీ అమ్మా, నువ్వు చెప్పిన తాయెత్తు దగ్గరే నా మాట కూడా.

రిటైరైన టీచర్ని. ఎనభైల్లో మా జిల్లాలో బాణామతి, అంటే చేతబడి, పేరు చెబితే ఊళ్లకు ఊళ్లు వణికేవి. ఆడవాళ్లు ఉన్నట్టుండి ఊగిపోయేవాళ్లు, వింత అరుపులు అరిచేవాళ్లు. ఎవరు చేయించారని పంచాయతీ పెట్టి, ఒక ముసలాయన మీదనో ఒక ఒంటరి ఆడమనిషి మీదనో అనుమానం వేసేవాళ్లు. మంత్రం సరిగా పలకరాదని పళ్లు రాలగొట్టేవాళ్లు. రాయితో. డాక్టర్లు, నాస్తిక సంఘాల వాళ్లు ఊళ్లు తిరిగి, ఇది మంత్రం కాదు, మనసుకు సంబంధించిన జబ్బు అని చెప్పాల్సి వచ్చింది. ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు ఆ తర్వాత కూడా పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

ఇప్పుడు 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ చూడండి. చూడనివాళ్లుంటే, మొదటి పది నిమిషాల సంగతే చెప్తున్నా. 1979లో ఒక పల్లె. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటని ఊరంతా కలిసి తగలబెడుతుంది. సినిమా మొత్తంలో నాకు ఒళ్లు గగుర్పొడిచింది అక్కడే, ఎందుకంటే అది మా వైపు జరిగినదానికి చాలా దగ్గర. ఆ ముఖాలు నాకు తెలుసు. చావబోతూ ఆమె శాపం పెడుతుంది, పుష్కర కాలం తర్వాత ఊరు వల్లకాడవుతుందని. 1991 వస్తుంది, చావులు మొదలవుతాయి. అంటే మంత్రం పనిచేసినట్టే గదా? ఊరి గుంపు అనుమానం ఉత్తది కాదన్నట్టే గదా? గుంపుని అంత నిజంగా చూపించి, ఆ నిజం బలంతోనే మంత్రాన్ని కూడా నమ్మించారు. రియలిజం ఎంత బాగుంటే అబద్ధం అంత బాగా లోపలికి దిగుతుంది. సెకండ్‌షో బాబు ఇది ఆలోచించాలి.

‘అరుంధతి’ చూసి ఏ ఊళ్లోనూ ఎవరి పళ్లూ రాలగొట్టరు. ఆ కోట మన ఊళ్లో లేదని అందరికీ తెలుసు.

కర్నూలు కుర్రోడు:

మా ఊళ్లో ఉంది మాస్టారూ! మిగతాదంతా మీతోనే నేను.

సెకండ్‌షో:

మాస్టారూ, మీరు చెప్పింది చదివి కాసేపు ఆగి రాస్తున్నాను. బాణామతి గురించి మీకు తెలిసినంత నాకు తెలీదు. కానీ సినిమా మీద ఆ బరువు మోపడానికి నేను ఒప్పుకోను. పళ్లు రాలగొట్టినవాళ్లు సినిమా చూసి చేయలేదు, మీరే చెప్పారు అది ఎనభైల నాటిదని. ఆ గుంపుని అంత భయంకరంగా తెర మీద చూపించడం వల్లే ఇప్పటి పిల్లలకి అలాంటిది జరిగిందని తెలుస్తోంది. శాపం అంటారా, నాకది మంత్రం పనిచేసినట్టు అనిపించలేదు. చేసిన పాపం ఊరిని వెతుక్కుంటూ వచ్చినట్టు అనిపించింది. పన్నెండేళ్లు ఆ ఊరు ఏమీ జరగనట్టు బతికింది చూశారా, అదే నాకు భయం వేసిన చోటు.

హారర్ తీసేవాడు ‘దెయ్యాలు లేవు’ అని చివర్లో పాఠం చెప్పాలంటే ఇక తీయక్కర్లేదు.

మెదక్ మాస్టారు:

పాఠం చెప్పమనలేదు బాబూ. పేరున్న ఊరు, తేదీ, తాళపత్రం, పంచాయతీ అన్నీ నిజంలా పేర్చి, వాటి మధ్యలో మంత్రాన్ని కూడా ఒక వస్తువులా పెట్టొద్దంటున్నా. నువ్వు హైదరాబాద్‌లో ఏసీ హాల్లో చూసి పాపం వెంటాడిందని అర్థం చేసుకుంటావు. అదే సినిమా ఫోన్లో చూసే మా ఊరి కుర్రాడు, పక్కింటి ముసలమ్మ నిమ్మకాయలు ఎందుకు కోస్తోందని చూస్తాడు.

డల్లాస్ నుంచి:

మాస్టారితో నేను సగం ఏకీభవిస్తాను. ‘ద కంజ్యూరింగ్’ 2013లో వచ్చినప్పుడు కూడా నిజమైన కుటుంబం, నిజమైన ఊరు, నిజమైన భూతవైద్యుల జంట అన్నారు. రోడ్ ఐలండ్‌లో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. సినిమా తర్వాత ఆ ఇంటికి జనం తాకిడి ఎక్కువై అందులో ఉంటున్నవాళ్లు కోర్టుకెక్కారు. బనగానపల్లె బంగ్లాలో కాపురం ఉండేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది.

పాప్‌కార్న్:

ఇంత చర్చ జరిగాక ఈ రాత్రి ఏం చూడాలో ఎవరైనా చెప్తారా? పునర్జన్మలు వద్దు, పళ్లు రాలగొట్టేవి అసలే వద్దు.

నైట్‌డ్యూటీ:

మలయాళం ‘భూతకాలం’ చూడండి, 2022ది. ఒక చిన్న ఇల్లు, డిప్రెషన్‌తో బాధపడే తల్లి, ఉద్యోగం దొరకని కొడుకు. తల్లీకొడుకులు ఒకరినొకరు నమ్మరు, డాక్టరు ఇద్దరినీ నమ్మడు. మందులు వేసుకోవడం, మానేయడం, దాని మీద గొడవ, ఇవన్నీ నేను వార్డు బయట వినే మాటలే. తల్లి రేవతి. 1992లో వర్మ ‘రాత్రి’లో దెయ్యం పట్టిన అమ్మాయి ఆవిడే. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇంకో దెయ్యాల ఇంట్లో అమ్మగా వచ్చింది.

సెకండ్‌షో:

ఇదిగో, నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇలాంటి ఇంటి గురించే. తెలుగు డబ్బింగ్‌లో దొరికితే అందులో చూడనా, మలయాళంలోనే చూడనా?

రూమ్‌టోన్:

మలయాళంలోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని. హెడ్‌ఫోన్స్‌తో. డబ్బింగ్ వేస్తే ఆ ఇంటి చప్పుడు సగం చచ్చిపోతుంది.

కర్నూలు కుర్రోడు:

వద్దన్నా. సబ్‌టైటిల్ చదువుతూ కూర్చుంటే కన్ను తెర కిందే ఉంటుంది. ఇలాంటి సినిమాల్లో వచ్చేదేదైనా మనిషి వెనకాల చీకట్లో, తలుపు సందులో వస్తుంది. మీరు ‘అమ్మా, మందు వేసుకున్నావా’ అని చదివేలోపు అది వచ్చి వెళ్లిపోతుంది. డబ్బింగ్ ఉంటే డబ్బింగే చూడండి.

రూమ్‌టోన్:

అది వచ్చేముందు చెవికి తెలుస్తుంది తమ్ముడూ, కన్ను దానంతటదే పైకి లేస్తుంది.

కర్నూలు కుర్రోడు:

అయితే మీ మాట మీద నేను మలయాళంలో చూస్తా, నా మాట మీద మీరు తెలుగులో చూడండి. రేపు రాత్రి ఇక్కడే రాద్దాం, ఎవరికి ఎక్కడ భయమేసిందో నిమిషాలతో సహా.